లవంగాలు ఆరబోసిన పూట

టిడోరె దీవిలో, రోడ్డు వారగా,
నీలి టార్పాలిన్ మీద
మా అత్త నుర్సీబా కాళ్ళతో లవంగాలు తిరగేస్తోంది.
పచ్చి ఘాటు ముక్కులో సూదిలా దిగుతోంది.
ఎండతో ఆవిడకి పద్దుంది:
నాలుగు రోజుల ఎండకి ఒక బస్తా.
బాకీ పడితే ఊరుకునే మనిషి కాదు.

గఫార్ మాస్టారు ఆవేళ బడిని
మా టార్పాలిన్ దగ్గరకే తోలుకొచ్చాడు.
ఒక లవంగం ఎత్తి, దాని బొట్టంత తలకాయని
ఒంటికంటికి మూరెడు దూరంలో పట్టాడు.
"ఇది చంద్రుడు.
సూర్యుడు నా అంత ఎత్తు గుండు,
అదిగో, రేవులో పడవ కట్టిన గుంజ దగ్గర.
నాలుగు వందల రెట్లు పెద్ద,
నాలుగు వందల రెట్లు దూరం.
అందుకే ఇంత గింజ అంత గుండుని దాస్తుంది.
ఎవరూ కొలిచి పెట్టలేదు. అలా కుదిరింది, అంతే."

"మరి అమావాస్య అమావాస్యకీ పట్టదేం?"
చేపలమ్మే వాళ్ళ పిల్ల ఇస్నా అడిగింది.
మాస్టారు మా చేట లాక్కుని ఓ పక్కకి వంచాడు.
"చంద్రుడు నడిచే దారి ఇలా వాలుగా ఉంటుంది.
చాలాసార్లు వాడి నీడ
మన నెత్తి మీదుగానో కాళ్ళ కిందుగానో
ఎవరికీ తగలకుండా పోతుంది.
దారులు కలిసే చోటే అమావాస్య పడాలి."

అత్తకివేమీ పట్టలేదు.
ఆవిడ తాటాకు టోపీ కన్నాల్లోంచి
లవంగాల మీద పడే వెలుగు చుక్కలు
కొరికిన బిస్కెట్లయ్యాయి,
చూస్తుండగా కొడవళ్ళయ్యాయి,
వందల కొడవళ్ళు.
"ఎవర్రా నా ఎండని కోస్తోంది?" అంది.

నీడ పడమటి నుంచి వచ్చింది.
టెర్నాటె కొండని ముందు ఆర్పేసి
నడుమనున్న నీళ్ళని ఒక్క తుడుపు తుడిచి
మా మీదికెక్కింది.
మసీదులో గ్రహణం నమాజు. ఎక్కడో వెదురు దొప్పల మోత.
కోళ్ళు గూట్లోకి. శుక్రుడు బయటికి.
అత్త ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.
పైన మాడిన బాండీ అడుగు,
చుట్టూ తెల్లటి జుట్టు,
అచ్చం అత్తదే, దువ్వెన చూడని జుట్టు.
రెండున్నర నిమిషాలు. నేను లెక్కపెట్టలేదు.
అంచున ఒక చుక్క వెలుగు ఒలికింది,
మాస్టారు "కళ్ళు దించండి!" అని అరిచాడు,
అత్త కాలు దించింది.

నాలుగేళ్ళు తిరక్కుండా మళ్ళీ పట్టింది.
సియాక్ నుంచి మా అక్క హస్నా ఫోను:
"మాకు చీకటి పడలేదే! మధ్యలో నలుపు, చుట్టూ నిప్పు కడియం."
ఆ రోజు చంద్రుడు ఎడంగా ఉన్నాడట,
చిన్నబోయాడు, మొత్తం కప్పలేకపోయాడు.
నీడ మొన నేలకి అందక గాల్లోనే అయిపోయింది.
మా ఊళ్ళో మాత్రం ఓ పక్క కాటు.
మేకలైనా తలెత్తలేదు.

ఆ తర్వాత ఓ ఏప్రిల్లో, బియాక్ దగ్గర ఓడ మీద
మా మేనల్లుడు తమ్రిన్ నిమిషం చీకటి చూశాడు.
అదే నీడ, అదే రోజు,
దూర సముద్రంలో కడియంగా మొదలైందట.
"అదెలా?" అన్నాను మాస్టారితో.
"భూమికి పొట్ట ఉంది కదమ్మా.
పొట్ట మీద నీడ మొన తగిలింది.
పక్కలకి అందలేదు."
తన పొట్ట తట్టి చూపించాడు.

నిన్న టీ తాగుతూ ఇంకో మాట చెప్పాడు.
చంద్రుడు ఏడాదికి రెండున్నర లవంగాల పొడుగు
వెనక్కి జరుగుతున్నాడట.
కోట్ల ఏళ్ళ తర్వాత
నిండు చీకటి ఎవరికీ దొరకదు,
కడియాలూ కాట్లే మిగులుతాయి.

అత్త మూడు లవంగాలు వరసగా పేర్చింది,
చివరిదాన్ని సగానికి గిల్లింది,
ఆ పొడుగు కాసేపు చూసింది.
తర్వాత ఆ ముక్కల్ని కుప్పలోకి తోసి
"అడుగువి ఇంకా పచ్చిగానే ఉన్నాయి" అని
లేచి తిరగెయ్యడానికి పోయింది.